ఇంట్లోని ఆమ్లాలు, క్షారాలు: రంగు చూసి, చుక్కలు లెక్కపెట్టి తెలుసుకోవడం ఎలా?

కెటిల్ అడుగున పేరుకున్న తెల్లటి పొరను వదిలించడానికి ఒకసారి వెనిగర్ పోసి ఉంచాను. పొర చక్కగా కరిగిపోయింది. కానీ పక్కనే ఉన్న పాలరాతి గట్టు మీద నాలుగు చుక్కలు ఒలికిన సంగతి గమనించలేదు. అరగంట తర్వాత తుడిచి చూస్తే, చుక్క పడిన ప్రతిచోటా మెరుపు పోయి గుండ్రంగా మసకబారి ఉంది. వేలితో తడిమితే గరుకుగా తగిలింది. మరకేమో అనుకుని సబ్బు పెట్టి రుద్దాను. ఎంత రుద్దినా పోలేదు, ఎందుకంటే అది మరక కాదు. అక్కడ రాయి పైపొరే కరిగిపోయింది. కెటిల్‌లోని తెల్ల పొరలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. పాలరాయి కూడా అదే. ఆమ్లానికి రెండింటి మధ్య తేడా ఏం తెలుస్తుంది?

శుభ్రం చేసే పనిలోనైనా, వంటలోనైనా, మొక్కల పెంపకంలోనైనా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే అని అప్పుడు అర్థమైంది: ఎదురుగా ఉన్నది ఆమ్లమా, క్షారమా, అది ఎంత ఉంది? ఈ ప్రశ్నకు జవాబు ఇంట్లోనే కళ్లతో చూసి తెలుసుకోవచ్చు. ఎలాగో ఒక్కో మెట్టుగా చెప్తాను. తొందరపడకుండా ఒక సెలవు రోజు కేటాయించండి. పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి.

మొదటి మెట్టు: అసలు విషయం కొంచెం

నీటిలో కలిసినప్పుడు హైడ్రోజన్ అయాన్లను (అయాన్ అంటే విద్యుదావేశం ఉన్న కణం) విడిచేది ఆమ్లం, హైడ్రాక్సైడ్ అయాన్లను విడిచేది క్షారం. స్వీడన్‌కు చెందిన స్వాంటె అరేనియస్ 1880లలో ఇచ్చిన వివరణ ఇది. ఆయనకు 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. 1923లో బ్రాన్‌స్టెడ్, లౌరీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు విడివిడిగా పనిచేస్తూనే ఈ నిర్వచనాన్ని ఇంకొంచెం విశాలం చేశారు. ప్రోటాన్‌ను ఇచ్చేది ఆమ్లం, పుచ్చుకునేది క్షారం అన్నారు. హైడ్రోజన్ పరమాణువు నుంచి ఎలక్ట్రాన్ పోతే మిగిలేది ప్రోటానే కాబట్టి రెండు మాటలూ ఒకే వైపు నడుస్తాయి. అయితే హైడ్రాక్సైడ్ లేని బేకింగ్ సోడా క్షారంలా ఎందుకు పనిచేస్తుందో రెండో నిర్వచనంతోనే సులువుగా అర్థమవుతుంది. అది ప్రోటాన్‌ను పుచ్చుకుంటుంది, అంతే.

ఇక పీహెచ్. డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త సోరెన్ సోరెన్‌సెన్ 1909లో ప్రవేశపెట్టిన కొలత ఇది. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర స్వచ్ఛమైన నీటి పీహెచ్ 7. అంతకంటే తక్కువైతే ఆమ్ల గుణం, ఎక్కువైతే క్షార గుణం. పీహెచ్ 7 అంటే లీటరు నీటిలో హైడ్రోజన్ అయాన్లు ఒక మోల్‌లో (మోల్ అంటే అణువులు, అయాన్ల లెక్కకు రసాయన శాస్త్రంలో వాడే ప్రమాణం) కోటో వంతు మాత్రమే ఉన్నాయని అర్థం. ఇక్కడ చాలామంది పొరపడే సంగతి ఒకటుంది. పీహెచ్‌లో ఒక అంకె తగ్గితే హైడ్రోజన్ అయాన్ల గాఢత పది రెట్లు పెరుగుతుంది. పీహెచ్ 5కీ 3కీ తేడా రెండు అంకెలే, కానీ అయాన్ల లెక్కలో అది వంద రెట్లు. ఈ ఒక్క విషయం మనసులో ఉంచుకుంటే మిగతావన్నీ తేలిక.

రెండో మెట్టు: చేతులు పెట్టే ముందు

ఈ భాగాన్ని దాటేయకండి. మనం చేయబోయే ప్రయోగాల్లో వెనిగర్, నిమ్మరసం, బేకింగ్ సోడా, సబ్బు, వాషింగ్ సోడా (బట్టలు ఉతికే సోడియం కార్బొనేట్) మాత్రమే వాడతాం. బ్లీచ్, టాయిలెట్ క్లీనర్, డ్రైన్ క్లీనర్ జోలికి అసలు పోవద్దు.

బ్లీచ్‌లో సోడియం హైపోక్లోరైట్ ఉంటుంది. దానికి ఏ ఆమ్లం తగిలినా క్లోరిన్ వాయువు వెలువడుతుంది. చాలా టాయిలెట్ క్లీనర్లలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది కాబట్టి ఆ రెండూ ఒకేచోట పోయడం నిజంగా ప్రాణాంతకం. వెనిగర్‌తో కూడా అదే ప్రమాదం. బ్లీచ్‌లో అమ్మోనియా కలిస్తే క్లోరమీన్లు అనే విషవాయువులు పుడతాయి. రెండు క్లీనర్లు కలిపితే రెట్టింపు శుభ్రం అవుతుందనే ఆలోచన ఎక్కడ విన్నా అక్కడే ఆపేయండి. పొరపాటున కలిసి ఘాటు వాసన వస్తే, కడగడానికి ప్రయత్నించకుండా ముందు బయటికి, గాలి తగిలే చోటికి వెళ్లిపోవాలి.

గాఢమైన ఆమ్లాన్ని పలుచన చేయాల్సి వస్తే నీటిలో ఆమ్లాన్ని కొంచెం కొంచెంగా పోయాలి తప్ప ఆమ్లంలో నీటిని కాదు. సల్ఫ్యూరిక్ ఆమ్లం లాంటివి నీటితో కలిసినప్పుడు పుట్టే వేడికి పైనున్న నీరు మరిగి, ఆమ్లాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది.

చర్మం మీదో కంట్లోనో ఏదైనా పడితే ధారగా పారే నీటితో కనీసం 20 నిమిషాలు కడగాలి. కంట్లో పడితే కడిగిన వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఆమ్లం పడింది కదా అని దాని మీద క్షారం పోయకూడదు. ఆమ్లం, క్షారం కలిసి ఒకదాని గుణాన్ని ఒకటి పోగొట్టడాన్ని తటస్థీకరణ అంటారు. అందులో వేడి పుడుతుంది, గాయం పెద్దదవుతుంది. ఇంకో మాట. ఆమ్లం అంటే భయపడేవాళ్లు కూడా క్షారాన్ని తేలిగ్గా తీసుకుంటారు. ఘాటైన క్షారం వేళ్ల మధ్య జారుడుగా తగలడానికి కారణం చర్మం మీది కొవ్వు సబ్బుగా మారడమే. కంటిలో అది ఆమ్లం కంటే లోతుకు దిగుతుంది.

మూడో మెట్టు: సూచిక తయారు చేసుకోవడం

ఆమ్లం, క్షారం తగిలినప్పుడు రంగు మారే పదార్థాన్ని సూచిక అంటారు. పూల రసాల రంగు ఇలా మారుతుందని రాబర్ట్ బాయిల్ 17వ శతాబ్దంలోనే గమనించి రాశాడు. స్కూల్లో చూసిన లిట్మస్ కూడా లైకెన్ల నుంచి తీసినదే. మనకు ఎర్ర క్యాబేజీ చాలు. దుకాణంలో ఊదా రంగులో కనిపించేది అదే. అందులో ఉండే ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం ప్రోటాన్‌ను ఇచ్చి పుచ్చుకునే కొద్దీ దాని అణువు ఆకారం మారుతుంది, దాంతో అది పీల్చుకునే కాంతి మారుతుంది. లిట్మస్ రెండు రంగులే చూపిస్తే, ఇది ఐదారు చూపిస్తుంది.

నాలుగైదు ఆకులను సన్నగా తరిగి గాజు గిన్నెలో వేయండి. మునిగేలా మరిగే నీళ్లు పోసి పావుగంట వదిలేయండి. వడకడితే చిక్కటి ఊదా రంగు రసం వస్తుంది. అల్యూమినియం గిన్నె వద్దు, గాజు లేదా స్టీలు వాడండి. మీ కుళాయి నీళ్లలో క్షార గుణం ఉంటే రసం కాస్త నీలంగా రావచ్చు. స్వేదనజలం దొరికితే ఆ తేడా రాదు.

క్యాబేజీ దొరకకపోతే పసుపు ఉంది. నీళ్లలో కలిపి కాగితానికి పూసి ఆరబెట్టండి. ఆమ్లంలో, మామూలు నీటిలో అది పసుపుగానే ఉంటుంది. పీహెచ్ దాదాపు 8 దాటిందంటే ఎర్రటి గోధుమ రంగుకు తిరుగుతుంది. బట్ట మీది పసుపు మరకకు సబ్బు తగలగానే ఎర్రబడటం చూసే ఉంటారు. బట్ట పాడైందని కంగారు పడక్కర్లేదు, నీళ్లతో బాగా జాడిస్తే మళ్లీ పసుపు రంగుకే వస్తుంది. కాకపోతే పసుపుతో క్షారాన్ని మాత్రమే గుర్తించగలం, ఆమ్లాన్ని కాదు.

నాలుగో మెట్టు: మీ సొంత రంగుల పట్టీ

తెల్లటి చిన్న కప్పులు ఆరు వరసగా పెట్టండి. ఒక్కోదాంట్లో రెండు చెంచాల క్యాబేజీ రసం పోయండి. ఇప్పుడు మొదటి కప్పులో నిమ్మరసం నాలుగు చుక్కలు వేసి చూడండి. చుక్క పడిన చోట ముందుగా ఒక గులాబీ రంగు మబ్బు పుడుతుంది. అది అడుగుకు దిగుతూ చుట్టూ ఉన్న ఊదాను మింగేస్తుంది. కప్పు కాస్త ఊపితే మొత్తం ఎర్రటి గులాబీ రంగు. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ క్షణం కొత్తగానే ఉంటుంది.

రెండో కప్పులో వెనిగర్ వేస్తే గులాబీ వస్తుంది. మూడోదాంట్లో ఏమీ కలపకండి, పోల్చుకోవడానికి అది కావాలి. నాలుగోదాంట్లో చిటికెడు బేకింగ్ సోడా వేస్తే నీలం, ఒక్కోసారి నీలి ఆకుపచ్చ. ఐదోదాంట్లో తురిమిన సబ్బు కలిపిన నీళ్లు వేస్తే ఆకుపచ్చ వైపు జరుగుతుంది. ఆరోదాంట్లో వాషింగ్ సోడా నీళ్లు వేస్తే స్పష్టమైన ఆకుపచ్చ.

ఇప్పుడు ఆ రంగుల పక్కన అంకెలు రాసుకోండి. నిమ్మరసం పీహెచ్ 2 నుంచి 2.5 మధ్య, వెనిగర్ 2.5 చుట్టుపక్కల, బేకింగ్ సోడా ద్రావణం సుమారు 8.3, సబ్బు నీళ్లు 9 నుంచి 10, వాషింగ్ సోడా 11. ఇవి సుమారు విలువలే, కానీ ఇంటి పనికి బాగా సరిపోతాయి. కప్పులను పగటి వెలుతురులో ఫోటో తీసి పెట్టుకుంటే అదే మీ కొలబద్ద.

ఇక ఇంట్లో ఉన్నవి ఒక్కోటీ పరీక్షించండి. పాలు దాదాపు తటస్థం, పీహెచ్ 6.6 దగ్గర. షాంపూ, పళ్ల రసాలు, టూత్‌పేస్ట్, అన్నీ చూడండి. వట్టి సోడా నీళ్లు, అంటే గ్యాస్ నింపిన నీళ్లు, రసాన్ని ఎర్రటి ఊదాకు తిప్పుతాయి. కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగి కార్బోనిక్ ఆమ్లం అవుతుంది కదా. అదే కప్పును రాత్రంతా తెరిచి ఉంచితే గ్యాస్ పోయి రంగు వెనక్కి జరుగుతుంది. ఏ కాలుష్యమూ లేని వాన నీటి పీహెచ్ కూడా 7 కాకుండా 5.6 దగ్గర ఉండటానికి గాలిలోని ఈ కార్బన్ డయాక్సైడే కారణం.

ఐదో మెట్టు: రంగు చెప్పని సంగతి చుక్కలు చెప్తాయి

ఈ మార్గదర్శిలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రయోగం ఇదే. చాలామంది రంగు చూడటంతో ఆగిపోతారు. ఒక్క గంట ఎక్కువ కూర్చుంటే తెలిసేది చాలా ఉంది.

100 మిల్లీలీటర్ల నీళ్లలో 8 గ్రాముల బేకింగ్ సోడా పూర్తిగా కరిగించండి. టీ చెంచాతో ఒకటిన్నర చెంచా కంటే కొంచెం ఎక్కువ వస్తుంది. ఒక డ్రాపర్ తీసుకోండి. దాంతో సుమారు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు.

గ్లాసులో 5 మిల్లీలీటర్ల వెనిగర్ పోసి, క్యాబేజీ రసం ఒక చెంచా కలపండి. గులాబీ రంగు వస్తుంది. ఇప్పుడు బేకింగ్ సోడా నీళ్లు ఒక్కో చుక్కా వేస్తూ, కలుపుతూ లెక్కపెట్టండి. ప్రతి చుక్కకీ చిన్న నురగ. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం బేకింగ్ సోడాతో కలిసి సోడియం ఎసిటేట్ అనే లవణం, నీరు, కార్బన్ డయాక్సైడ్‌గా మారుతోంది. గ్లాసు పట్టుకున్న వేళ్లకు కొంచెం చల్లగా తగలొచ్చు. మామూలుగా తటస్థీకరణ వేడి పుట్టిస్తుంది, కానీ ఈ చర్య గ్యాస్‌ను విడుదల చేస్తూ చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. చాలాసేపు గులాబీ రంగు కదలదు. ఓపిక పట్టండి. 5 శాతం వెనిగర్ అయితే దాదాపు 90 చుక్కల దగ్గర రంగు ఊదాకు తిరుగుతుంది. మీ డ్రాపర్ చుక్క సైజును బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది.

అదే వెనిగర్‌ను పది రెట్లు పలుచన చేయండి. ఒక వంతు వెనిగర్, తొమ్మిది వంతుల నీళ్లు. అందులోంచి 5 మిల్లీలీటర్లు తీసుకుని మళ్లీ క్యాబేజీ రసం కలపండి. రంగు చూడండి: ఇంచుమించు అదే గులాబీ! కానీ ఈసారి 9 చుక్కలకే ఊదా వచ్చేస్తుంది.

ఎందుకిలా? ఎసిటిక్ ఆమ్లం బలహీన ఆమ్లం. లీటరుకు 0.1 మోల్ ఉన్న ద్రావణంలో దాని అణువుల్లో సుమారు 1.3 శాతమే విడిపోయి హైడ్రోజన్ అయాన్లను ఇస్తాయి. మిగతావి వెనక వరసలో నిలబడి ఉంటాయి. సోడా వచ్చి ముందున్న అయాన్లను తీసేయగానే వెనకవి ముందుకొస్తాయి. రంగు, అంటే పీహెచ్, ముందు వరసను మాత్రమే చూపిస్తుంది. చుక్కల లెక్క మొత్తం సైన్యాన్ని చూపిస్తుంది. వెనిగర్‌ను పది రెట్లు పలుచన చేసినా పీహెచ్ అర అంకె మాత్రమే పెరుగుతుంది, ఎందుకంటే పలుచన అయ్యే కొద్దీ ఇంకొన్ని అణువులు విడిపోతాయి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం అలా కాదు. అది బలమైనది, ఉన్నదంతా ముందే విడిపోతుంది. లీటరుకు 0.1 మోల్ ఉంటే దాని పీహెచ్ 1, అంతే ఎసిటిక్ ఆమ్లం అయితే 2.9.

బలం వేరు, గాఢత వేరు అని పుస్తకంలో చదివి బట్టీ పట్టడం కంటే ఈ 90, 9 చుక్కలు లెక్కపెట్టిన వేళ్లకే ఆ తేడా బాగా గుర్తుంటుంది.

ఆరో మెట్టు: ఇంటి పనుల్లో

ముందుగా ఒక అపోహ తీసేయాలి. బేకింగ్ సోడా, వెనిగర్ కలిపి శుభ్రం చేసే చిట్కా ఎక్కడ చూసినా కనిపిస్తుంది. 5 శాతం వెనిగర్ 100 మిల్లీలీటర్లకు 7 గ్రాముల బేకింగ్ సోడా కలిపితే దాదాపు 2 లీటర్ల గ్యాస్ వస్తుంది, చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ నురగ ఆగాక గ్లాసులో మిగిలేది ఉప్పునీళ్ల లాంటి సోడియం ఎసిటేట్ ద్రావణం. ఆమ్లమూ క్షారమూ ఒకదాన్నొకటి చంపుకున్నాక మురికితో పోరాడటానికి ఎవరు మిగిలారు? పొంగు వల్ల సందుల్లోని చెత్త కాస్త కదలొచ్చు, అంతవరకే. మూత బిగించిన సీసాలో మాత్రం ఎప్పుడూ కలపకండి, పేలుతుంది.

ఏది ఎక్కడ వాడాలో మురికిని బట్టే నిర్ణయించాలి. నూనె, జిడ్డు ఉంటే క్షారం. వేడినీళ్లలో వాషింగ్ సోడా కొవ్వును కొంత సబ్బుగా మారుస్తుంది, మిగతాదాన్ని విడదీస్తుంది. అల్యూమినియం పాత్రలకు మాత్రం వద్దు, క్షారం వాటిని కొరికి నల్లబరుస్తుంది. ఉన్ని, పట్టు ప్రోటీన్‌తో తయారైనవి కాబట్టి వాటికీ క్షారం పడదు.

గట్టి నీళ్ల వల్ల పట్టే తెల్ల పొర, తుప్పు అయితే ఆమ్లం. కెటిల్ సంగతి వివరంగా చెప్తాను. 10 గ్రాముల కాల్షియం కార్బొనేట్ కరగాలంటే 12 గ్రాముల ఎసిటిక్ ఆమ్లం కావాలి, అంటే 5 శాతం వెనిగర్ 240 మిల్లీలీటర్లు. రెండు చెంచాల వెనిగర్‌తో పొర కదలకపోతే వెనిగర్‌ను తిట్టుకోవద్దు, సరిపడా సైన్యం లేదంతే. గోరువెచ్చగా చేసి పోసి, బుడగలు ఆగేదాకా ఉంచండి. పొర ఇంకా ఉండగానే బుడగలు ఆగిపోతే పాతది పారబోసి కొత్తది పోయాలి. సిట్రిక్ ఆమ్లం వాడితే వాసన ఉండదు, కానీ బాగా మరిగించకండి. కాల్షియం సిట్రేట్ వేడి నీటిలో కరగక మళ్లీ తెల్లగా పేరుకుంటుంది. తుప్పు వదిలించిన ఇనుప వస్తువును వెంటనే కడిగి, పొడిగా తుడవకపోతే మర్నాటికి మళ్లీ తుప్పు పడుతుంది.

పాలరాయి, సున్నపురాయి, సిమెంటు ఉన్న చోట ఆమ్లం ఒలకనివ్వద్దు. ఒలికితే ఆ క్షణమే నీళ్లు పోయండి.

సబ్బు నీళ్లలో వెనిగర్ కలపడం కూడా తప్పే. సబ్బు అంటే కొవ్వు ఆమ్లాల లవణం. ఆమ్లం తగలగానే అది మళ్లీ కొవ్వు ఆమ్లంగా మారి తెల్లటి తరకలుగా తేలుతుంది. ఒక గ్లాసులో చేసి చూడండి, విరిగిన పాలలా కనిపిస్తుంది. పాలు విరగడం కూడా ఆమ్లం పనే అయినా కారణం వేరు: పీహెచ్ 4.6 దగ్గర పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ అణువుల మధ్య వికర్షణ పోయి, అవి ఒకదానికొకటి అతుక్కుంటాయి.

ఏడో మెట్టు: ఒంట్లో జరిగేది

జీర్ణాశయంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది, పీహెచ్ 1.5 నుంచి 3.5 దాకా. యాంటాసిడ్ మాత్రలు చేసేది మనం గ్లాసులో చేసిన తటస్థీకరణే. కాల్షియం కార్బొనేట్ ఉన్న మాత్ర వేసుకుంటే త్రేన్పు రావడం కార్బన్ డయాక్సైడ్ వల్ల. మెగ్నీషియం హైడ్రాక్సైడ్‌తో గ్యాస్ రాదు. అది నీటిలో చాలా తక్కువగా కరుగుతుంది కాబట్టి క్షారమే అయినా గొంతును కాల్చదు. మంట తరచుగా వస్తుంటే మాత్రలతో నెట్టుకురాకుండా డాక్టర్‌కు చూపించుకోవాలి.

క్షార గుణం ఉన్న నీళ్లు తాగితే రక్తం క్షారంగా మారుతుందనే మాట నమ్మకండి. రక్తం పీహెచ్ 7.35, 7.45 మధ్య ఉంటుంది. బైకార్బొనేట్ బఫర్ (పీహెచ్ పెద్దగా మారకుండా కాచే ద్రావణం), ఊపిరితిత్తులు, మూత్రపిండాలు కలిసి దాన్ని అక్కడే నిలబెడతాయి. తాగిన నీళ్లు ముందు జీర్ణాశయంలోని ఆమ్లాన్నే దాటాలి.

పళ్ల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. నోట్లో పీహెచ్ సుమారు 5.5 కంటే కిందికి పడిపోతే ఎనామెల్, అంటే పంటి గట్టి పైపొర, కరగడం మొదలవుతుంది. పుల్లటి రసమో, కూల్ డ్రింకో తాగిన వెంటనే బ్రష్ చేస్తే మెత్తబడిన పైపొర అరిగిపోతుంది. అప్పటికి నీళ్లతో పుక్కిలించి, బ్రషింగ్‌కు కనీసం అరగంట ఆగండి.

తేనెటీగ కుట్టినచోట క్షారం, కందిరీగ కుట్టినచోట ఆమ్లం రాయమనే చిట్కా కూడా పనిచేయదు. విషం చర్మం కిందికి వెళ్లిపోతుంది, నొప్పి పుట్టించేది అందులోని ప్రోటీన్లు, ఇతర పదార్థాలు. పైన రాసినది అక్కడికి చేరదు.

చివరి మెట్టు: సర్దుకోవడం

వాడిన కప్పులన్నీ సింకులో పారబోసి బాగా నీళ్లు వదలండి. మనం వాడినవాటిలో ప్రమాదకరమైనది లేదు కాబట్టి ఇంతకంటే జాగ్రత్త అక్కర్లేదు. క్యాబేజీ రసం ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు ఉంటుంది, ఆ తర్వాత భరించలేని వాసన వస్తుంది. ఐస్ ట్రేలో పోసి గడ్డ కట్టిస్తే కావలసినప్పుడల్లా ఒక్కో ముక్క కరిగించుకోవచ్చు. కాఫీ ఫిల్టర్ కాగితాన్ని చిక్కటి రసంలో నానబెట్టి, నీడలో ఆరబెట్టి, పట్టీలుగా కత్తిరించి మూత ఉన్న సీసాలో దాచుకుంటే ఇంకా మంచిది. సీసా మీద తయారు చేసిన తేదీ రాయండి. వెలుతురు తగిలితే రంగు వెలిసిపోతుంది కాబట్టి చీకటిగా ఉండే అలమరలో పెట్టండి.